పదమూడో మెట్టు

సొహార్‌లో అక్టోబరు. ఏసీ ఇంకా పదహారు మీదే ఉంది.
బోర్డు మీద "ట్యాగ్" అని రాసి
పుస్తకానికి మనం పెట్టే నంబరు బడిపేరు,
చదివినవాడు పెట్టేది ముద్దుపేరు, అన్నాను.

రయ్యా చెయ్యెత్తింది.
దశాంశం తర్వాత ఏడంకెలు గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్ల.
"ముద్దుపేరుతో పిలిస్తే అరలోంచి పుస్తకం వస్తుందా మిస్?"
తెలీదు నాకు.
తెలీనప్పుడు హోంవర్క్ ఇస్తాను.

మా కొత్త లైబ్రరీ ఫోటోలు నలభై పెట్టాను.
ఎవరైనా రాయొచ్చు, ఏ మాటైనా.
పాస్‌వర్డ్ వద్దన్నాను, పరిశీలన వద్దన్నాను,
గేటు పక్క గోడకి ఆ గళ్ళగళ్ళ చతురస్రం
నేనే అంటించి వచ్చాను, చెమటకి టేపు ఊడిపోతూంటే.

ఆదివారానికి మూడొందల మాటలు.
గుమ్మటం కింద "ఉడికిన గుడ్డు" అని ఖల్ఫాన్.
రిఫరెన్సు గదికి "నిద్ర" అని పదకొండుమంది,
ఒకరికొకరు చెప్పుకోకుండానే.
ఇదే మరి, జనం కలిసి చేసే సూచిక, అన్నాను.
నవ్వారు.

మెట్ల ఫోటో కింద మాత్రం ఒక వరుస
గుండ్రంగా, గొలుసుగా, తలకట్లతో.
రాసింది అతిథి నాలుగు. రాత్రి రెండుంపావుకి.
"వైరస్," అంది మయ్యాసా.
"బర్మా వాళ్ళది," అన్నాడు ఖల్ఫాన్.
రయ్యా వేలు అప్పటికే చెరిపే గుర్తు మీద ఉంది.

ఆగమన్నాను. ఏ భాషలో అన్నానో.

"పదమూడో మెట్టు జెర ఎక్కువుంది పైలం"

నాది కాకినాడ.
"పైలం" దగ్గర నాకూ కాలు తడబడింది,
నిజామాబాద్ వైపు రూమ్మేటు
నూనె బాణలి ముందు అరిచిన మాటని
గుర్తు తెచ్చుకుని నిలదొక్కుకున్నాను.

క్లాసు క్లాసంతా మెట్ల మీదికి.
వాహద్, ఇత్నేన్, గొంతులు గోడలకి కొట్టుకుని,
పదమూడు దగ్గర రయ్యా స్కేలు పెట్టింది.
మిగతావన్నీ పదహారు. ఇది పద్దెనిమిదిన్నర.
మయ్యాసా పగిలిన ఫోను పైకెత్తి చూపించింది.
నా చెప్పు తెగింది ఇక్కడే,
ప్రారంభోత్సవంనాడు డీన్ గారు
రిబ్బను కత్తెరతో సహా తూలిందీ ఇక్కడే.
ఎవరి తప్పు వాళ్ళది అనుకున్నాం ఇన్నాళ్ళూ.

"దీన్ని ఎక్కడ చేర్చాలి మిస్, నిర్మాణంలోనా, ప్రమాదాల్లోనా?"
ఒక్క చోటే పెట్టాలని ఎవరన్నారు, అన్నాను
పరీక్షలో అలా రాస్తే మార్కులు కోసే నేను.

వాచ్‌మన్‌ని అడిగాను.
"సెంట్రింగ్ వాళ్ళా? వాళ్ళ క్యాంపు బర్కాకి మారింది మేడం.
అప్పుడప్పుడు రాత్రిళ్ళు రిపేరుకొస్తారు. పేర్లంటారా..."
రిజిస్టరు తిప్పాడు. అందులో తలలు ఉన్నాయి,
ఆరు, తొమ్మిది, నాలుగు.

ఆ వరుస కింద అరబ్బీలో "చూసి నడవండి" అని చేర్చింది మయ్యాసా.
నేను "చూశాం" అని ఒక్క మాట, తెలుగులో.
జవాబు రాలేదు.
నెలాఖర్లో ఉత్తరపు గోడ ఫోటో కింద
రెండక్షరాలు వచ్చాయి. గంగు.

అంటే ఏమిటి మిస్?
పేరు.
ఎవరిది? కూతురా? గోడ మీంచి ఎవరైనా...
తెలీదు రయ్యా.

ఆమె చాలాసేపు కీబోర్డు వైపు చూసింది.
చెరుపుతుందేమో అనుకున్నాను.
"మాకు ఆ అక్షరం లేదు మిస్, పుస్తకాల్లో.
కానీ మా అమ్మమ్మ ఊళ్ళో జీమ్‌ని గ అనే పలుకుతారు."
అని, జీమ్‌తో మొదలుపెట్టి
ఆ పేరుని కుడి నించి ఎడమకి రాసింది.
మళ్ళీ ఇంకో జీమ్ కోసం ఆగి, పైకి అనుకుంటూ,
గం... గు.